రెండోసారి మోగిన సైరన్

ఎనభైల మొదట్లో సంగతి. మాకు కొత్తగా పెళ్లయింది. మావారు రిఫైనరీలో మంటలార్పే జట్టులో పనిచేసేవారు. సైరన్ మోగితే సెలవులో ఉన్నా పరుగెత్తాల్సిందే. అందుకే ఎక్కడా కుదురుగా కూర్చునేవారు కాదు.

ఒక ఆదివారం మల్కాపురంలో మా ఇంటి దగ్గరి హాల్లో మ్యాట్నీకి వెళ్లాం. అంతరిక్షం మీద తీసిన ఇంగ్లీషు బొమ్మ, రెండో భాగం. మొదటిది చూడకపోయినా, తెరనిండా నక్షత్రాల మధ్య ఆ పెద్ద ఓడ కదులుతుంటే కళ్లార్పడం మరిచిపోయాను. ఇంతలో ఓడకు నిప్పంటుకుని సైరన్ మోగింది. మావారు చటుక్కున లేచి, పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయల్దేరారు. ఆయన వెనకే హాల్లో ఉన్న రిఫైనరీ వాళ్లంతా!

"కూకోండి బావా, అది బొమ్మలోది!" అని ఎవరో అరిచారు. హాలంతా ఒకటే నవ్వులు. వెళ్లినవాళ్లంతా వెనక్కొచ్చి కూర్చున్నారు. నేను సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

కాసేపటికి మళ్లీ సైరన్. ఈసారి ఎవరూ లేవలేదు, నవ్వారంతే. మావారు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏటే, తెర మీద మంట నేదు గదా?" అన్నారు. నిజమే, ఓడ హాయిగా తేలుతోంది.

"ఇది మనదే!" అంటూ పరుగెత్తారు.

సాయంత్రం మసి మొహంతో ఇంటికొచ్చి, చెంబెడు నీళ్లు తాగి, "ఆకరికి ఆ ఓడ ఏటయిందే?" అని అడిగారు.

ఆయన వెనకే నేనూ వచ్చేశానని, అప్పటినుంచీ పొగ వైపే చూస్తూ వాకిట్లో తిరుగుతున్నానని చెప్పలేదు.

"ఇంటికొచ్చీసినాది," అన్నాను.