అంజయ్య వదిలేసిన పొద

అంజయ్యను చూసి కాలేజీ చదివినవాడని న్యూజిలాండ్ దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో ఎవరూ అనుకోరు. సిద్దిపేట నుంచి కంప్యూటర్ కోర్సుకని వచ్చి, అది ముగిశాక ఏటిగట్ల మీద కలుపులా అల్లుకుపోయే బ్రూమ్ అనే పసుపుపూల పొదలు నరికే పనిలో పడ్డాడు. పొదను మొదలంటా కోసి, మోడు తడి ఆరకముందే దానికి మందు పుయ్యాలి. లేకపోతే మళ్ళీ చిగురిస్తుంది. ఏ పుణ్యాత్ముడు ఓడెక్కించి తెచ్చాడోగాని ఈ మొక్కకు చావు లేదని సణుగుతూనే నరుకుతాడు. సాయంత్రానికి ఒళ్ళు హూనమై, బూట్లు విప్పే ఓపిక కూడా ఉండదు.

భార్య రమామణి వచ్చి ఏడాది దాటింది. ఆ ఊళ్ళో బతుకమ్మ ఆడే మనిషి ఆమె ఒక్కతే. పక్క ఫ్లాట్‌లోని నర్సు ఫ్లోరెన్స్ ఆంటీ కాకినాడ ఆవిడ. మంచి మనిషే, కానీ పగలూ రాత్రీ డ్యూటీలే.

"ఈ యేడు గూడ బతుకమ్మ ఆడకుంటే నేను ఇంటికి పోత. ఇగ నాతోని కాదు," అని రమామణి తెగేసి చెప్పింది.

బతుకమ్మకు తంగేడు కావాలి. ఈ చలిదేశంలో తంగేడు ఎక్కడిది? ఆ పసుపు రంగుకు దగ్గరి చుట్టం బ్రూమే. అదైనా అక్టోబరు మొదట్లో ఇంకా మొగ్గ మీదే ఉంది. ఏటి వంపులో, ఎండ తగిలేచోట, ఒక్క పొద మాత్రం ముందే విరగబూసింది. పండుగ ముందు పూసిన తంగేడును మొదలంటా నరికేవాళ్ళుంటారా? అంజయ్యకు చేతులు రాలేదు. చుట్టూ అంతా నరికి దాన్నొక్కదాన్నీ వదిలేశాడు.

పండుగకు ఇంకా మూడు రోజులుందనగా ఆ పొద బాస్ కంటబడింది. తిట్టలేదు. రంపం చేతికిచ్చి పక్కనే నిలబడ్డాడు. పని పోతే వీసా పోతుంది. అంజయ్య కోశాడు, మందు పూశాడు. బాస్ వెళ్ళాక లంచ్ బాక్సు నిండా పువ్వులు దూసుకుని ఇంటికి తెచ్చాడు.

ఫ్రిజ్‌లో పెట్టినా సగం నల్లబడ్డాయి. మిగిలినవాటితో రమామణి స్టీలు పళ్ళెంలో పిడికెడంత బతుకమ్మను పేర్చి, పసుపు గౌరమ్మను నిలిపి, గ్యారేజీలో పెట్టింది.

"దా, చప్పట్లు గొట్టు."

"మొగోణ్ణి, నేను ఆడుడేంది?"

"ఇంకెవరున్నరు ఈడ?"

ఇద్దరూ తిరిగారు. ఆమె పాట ఎత్తుకుంటే అందుకునే గొంతు లేదు. అంజయ్యకు పదాలు రావు. ఊళ్ళో వాడకట్టంతా కలిసి ఆడే ఆట ఇద్దరితో ఎంతసేపు నడుస్తుంది? రెండో చుట్టులోనే రమామణి పాట ఆపి, సిమెంటు నేల మీద కూలబడి ఏడ్చింది.

"పువ్వులతోని అయితదనుకున్న. కాదు. నేను ఇంటికి పోత," అన్నది.

అంజయ్య ఆమె పక్కనే చతికిలబడ్డాడు. ఉండమని బతిమాలతాడని ఆమె ఎదురుచూసింది.

"నన్ను సుత తీస్కపో," అన్నాడు.