ఫ్లాస్కుతో సహా ఖాళీ చేసిన గది

కార్ఖానా బస్తీలో నేను అద్దెకున్న గదికి ఒకటే గొప్ప. సందు దాటితే గ్రంథాలయం. ఇంటర్ తప్పి చదువు ఆగిపోయినా, పశువైద్య పరిశోధనశాలలో సహాయకురాలిగా చేరాక సాయంత్రాలు అక్కడే కూర్చునేదాన్ని. ఒక పక్క లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం, ఇంకో పక్క నిఘంటువు. అలా నేర్చుకున్న చదువు నాది, ఎవరో పెట్టిన భిక్ష కాదు.

మా పని పంది పిండాలను ల్యాబులో పెంచడం. కబేళా నుంచి నేను తెచ్చిన అండాశయాల్లోంచి అండాలు తీసి, ఫలదీకరణ చేయించి, పోషక ద్రవంలో ఉంచేవాళ్ళం. నాలుగు కణాలయ్యేదాకా బాగానే ఉండేవి. ఆపైన ఎదగకుండా చచ్చిపోయేవి. మా డాక్టరమ్మ ద్రవం ఎన్నిసార్లు మార్చినా అంతే.

పంది అండంలో కొవ్వెక్కువనీ, చలి తగిలితే తట్టుకోలేదనీ పుస్తకంలో చదివాను. నేనేమో తెల్లవారుజామున చల్లటి ఫ్లాస్కు పట్టుకుని అల్వాల్ వైపు కబేళాకు వెళ్తున్నాను. ఆ సంగతి చెబితే డాక్టరమ్మ, "నాకూ అదే అనుమానం. ఫ్లాస్కు ఇంటికి తీసుకెళ్ళు. పొద్దున వేడినీళ్ళు పోసి వెచ్చబెట్టుకుని బయల్దేరు. ఇక్కడ పళ్ళేలూ ద్రవమూ నేను ముందే వెచ్చగా ఉంచుతా" అన్నారు.

కడిగిన ఫ్లాస్కును వరండా గోడమీద ఆరబెట్టాను. ఇంటావిడ చూసింది.

"ఏందమ్మా, చాయ్ ఫ్లాస్కా?"

"కాదండీ. పంది అండాశయాలు తేవడానికి."

"అంటే ఏంది?"

"అండాలుండే చోటండీ."

"ఓయమ్మో! పందులు గుడ్లు పెడ్తున్నయంట, విన్నవా వదినా!" అని పక్కింటివైపు కేకేసి నవ్వింది. ఆ నవ్వు సాయంత్రానికి విరిగింది. "అందరు గదే అడుగుతున్నరు. ఫ్లాస్కు ఇంట్ల కనబడొద్దు. కనబడితే గది ఖాళీ చెయ్యి."

"చాయ్ ఫ్లాస్కే అని ఒక్క అబద్ధం ఆడితే పోలా?" అంది ల్యాబులో నా జతగత్తె. ఎందుకాడాలి? నేనేం దొంగసొత్తు మోస్తున్నానా? మర్నాడు ఫ్లాస్కును గోడమీద ఇంకాస్త ముందుకు జరిపి పెట్టాను.

ఆ వారమే డాక్టరమ్మ నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. కొన్ని పిండాలు నాలుగు కణాలు దాటి, రేగుపండులా గుండ్రంగా, ముద్దగా కనిపించాయి. అన్నీ కాదు, కొన్నే. నాకవి చాలు.

నెలాఖరున ఇంటావిడ తలుపు దగ్గర నిలబడింది. "ఏం సోంచాయించినవ్? ఫ్లాస్కు పోతదా, నువ్వు పోతవా?"

"ఇద్దరం పోతామండీ."

తిరుమలగిరిలో గది చూడ్డానికి ఫ్లాస్కు చంకన పెట్టుకునే వెళ్ళాను. ఇంటాయన అడగకముందే అదేమిటో చెప్పేశాను. ఆయన మూత తీసి వాసన చూశాడు.

"ఏం వాసనొస్తలేదు గద. ఉండు, నాకేం తక్లీఫ్ లేదు."

గ్రంథాలయం దూరమైంది. బస్సెక్కి వెళ్ళేదాన్ని. అంత దూరం వచ్చాను కదా అని, దీపాలార్పేదాకా కుర్చీలోంచి లేచేదాన్ని కాదు.