ముదిగుబ్బ బండకు దిష్టి

ముదిగుబ్బ పక్కన చేన్ల మధ్య ఒక నల్లబండ ఉండాది. దాని మీద ఉపగ్రహాలతో చోటు కొలిచే యంత్రం పెట్టినాము. దూరాన అండమాన్ దీవుల కింద భూమి పలకలు అదురూ చప్పుడూ లేకుండా, గోరు పెరిగినంత నిదానంగా జారతాంటాయి. ఆ జారుడు పట్టుకోవాలంటే కదలని చోటు ఒకటి కావల్ల. మాకు ఆ చోటు ఈ బండే.

అక్కడి ఒక దీవి జరుగుతాందని దాని మీది యంత్రం గీతల్లో చూసి నేను ఎగిరి గంతేసిన వారానికే నా పరిశోధన చూసే సారు పిలిచినాడు.

"ఏమ్మా, పక్క యంత్రాలతో పోల్చితే జరుగుతాండేది నీ బండే! దీవి సంగతి మర్చిపో."

కోట్ల ఏండ్లు కదలని రాయి నా పని వచ్చేసరికే కదలల్లనా? ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా? మరుసటి పొద్దున్నే బస్సెక్కినా.

బండ ఎక్కి చూస్తే ఏముంది! యాంటెన్నా తెల్లమూతకు నల్లదారం, నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, అరచెయ్యంత రాగిరేకు. దారం వదులై రేకు రోజుకింత కిందికి జారతాండాది. ఉపగ్రహాల సంకేతాలు ఆ రాగికి తగిలి, బండే జరిగినట్టు లెక్క తప్పిస్తాండాయి.

"ఎవురు కట్టినారిది?" అని అరిచినా.

ఆ చేనుగల్ల అవ్వ గొర్రెల్ని ఇడిచిపెట్టి వచ్చింది. "నేనే. తెల్లగా నిగనిగలాడతాండాది. దోవన పోయేటోళ్లంతా దీన్నే చూస్తాండారు. దిష్టి తగల్దా?"

నా కోపం యాడికి పోయిందో! కన్నబిడ్డకు చేసినట్టు చేసింది మహాతల్లి. "అవ్వా, నిమ్మకాయ ఉండనీ. రాగి మాత్రం ఒద్దు" అని బతిమాలి, దీవి కథంతా చెప్పినా. రేకు విప్పి నా చేతిలో పెట్టింది.

"నాలుగు శెనిగ్గింజలు మొలవని చోటు గదమ్మా ఇది. మా మామ దీన్ని తిట్టని దినం లేదు" అనింది.

నెల తిరిగేసరికి బండ గీత తిన్నగా వచ్చింది. దీవి మాత్రం జరుగుతానే ఉండాది! సారు ఒప్పుకున్నాడు. నేను ఏడ్చేసినా, సిగ్గేముంది. మళ్లీ ముదిగుబ్బ పోయి అవ్వకు దండం పెట్టినా. "మీ బండ కదల్లేదవ్వా. అందుకే సముద్రం కింద కదిలేది మాకు కనబడింది."

అవ్వ చెప్పులు ఇడిచి, వంగి బండను తాకింది.

"ఇన్నేండ్లు నిన్ను అనరాని మాటలన్నాము తల్లీ."