రెండో భాగం తర్వాత కప్పిన శాలువా

పొద్దున్నే పక్కవీధి ఆవిడ వాట్సాప్‌లో ఒక పోస్టర్ పంపింది. వచ్చే నెల మా అమ్మాయి చికాగోలో సోలోగా పియానో వాయిస్తోందట, అన్నీ చెక్ దేశపు స్వరకర్తల కృతులేనట. "కంగ్రాట్స్, మీరు వెళ్తున్నారు కదా?" అని కింద రాసింది. మాకు పిలుపు లేదని ఆవిడకేం తెలుసు. మావారికి చూపిస్తే కళ్లజోడు సవరించుకుని, "ఎన్ని మూవ్‌మెంట్స్ ఉన్నాయట?" అని మాత్రం అడిగారు.

నోవై అనే అమెరికా ఊళ్లో ఉన్న రోజులవి. మెడిసిన్ చదవను, పియానోయే చదువుతాను అని అమ్మాయి పట్టుబట్టింది. ఆ చలికాలమంతా ఇంట్లో వాదనలే. చివరికి మావారు, "నీ రిసైటల్ విని చెప్తాను" అన్నారు. ఆయన నోటి నుంచి అంత మెత్తని మాట రావడమే గొప్ప. ఆ కచేరీ సాయంత్రం ముందు వరసలో కూర్చున్నాం. ఆయన ఒళ్లో ఒక సంచి, ఏమిటంటే చెప్పలేదు. ఆఖరుగా వాయించింది మూడు భాగాల కృతి, ఆ భాగాల్నే మూవ్‌మెంట్స్ అంటారు. మొదటిది పెళ్లిసందడిలా గంతులేసింది. రెండోది ఎంత నెమ్మదిగా సాగిందంటే నాకు ఏడుపొచ్చింది. పక్కకి చూస్తే ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి. అది ముగిసి హాలు నిశ్శబ్దమైంది. కచేరీ అయిపోయిందనుకున్నారు ఆయన. తెలుగు సంఘానికి ఏళ్ల తరబడి కార్యదర్శి, స్టేజి ఎక్కినవాళ్లెవరినీ శాలువా కప్పకుండా పంపని మనిషి. నేను చెయ్యి పట్టుకునేలోగా పైకెక్కి, సంచిలోంచి జరీ శాలువా తీసి, మూడో భాగానికి చేతులెత్తిన పిల్ల భుజాల మీద కప్పేశారు. మా తెలుగువాళ్ల వరస అలవాటుగా చప్పట్లు కొట్టింది. భాగానికీ భాగానికీ మధ్య కొట్టకూడదని తెలిసిన మిగతా హాలు కొట్టలేదు.

అమ్మాయి శాలువా తీసి పక్కన పెట్టి, మూడో భాగం మొదలుపెట్టి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. కాగితం చూడకుండా వాయించే పిల్లకి తెగినచోటు ఇక దొరకలేదు. లేచి తల వంచి లోపలికి వెళ్లిపోయింది. "నాన్న నన్ను ఫినిష్ కూడా చేయనివ్వలేదు, అమ్మా. ఇంక చాలు అని చెప్పడానికే వచ్చారు" అంది కార్‌లో. ఆ శాలువాయే ఆయన ఒప్పుకోలు అని నేనెంత చెప్పినా నమ్మలేదు. ఒప్పుకున్నానని ఆ ఒక్క మాట డ్రైవ్ చేస్తున్న ఆయనే చెప్పి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ కోపమే. స్కాలర్‌షిప్ తెచ్చుకుని అమ్మాయి మ్యూజిక్ స్కూల్‌కి వెళ్లిపోయింది. పండక్కి ఫోన్ చేస్తుంది, కచేరీకి మాత్రం పిలవదు.

ఇప్పుడు ఆయన కార్‌లో ఆ కృతే పెట్టుకుంటారు. రెండో భాగం ముగియగానే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, మూడోది మొదలయ్యేదాకా మాట్లాడరు, నన్నూ మాట్లాడనివ్వరు. పియానో ముందు ఆ నిశ్శబ్దం ఒక్క ఊపిరి పాటే. మా ఇంట్లో అది ఇన్నేళ్లయినా పూర్తి కాలేదు.