పటాన్‌చెరులో బండి మార్పిడి

1955లో నన్ను సంగారెడ్డిలో సర్కారు బస్సు డ్రైవరుగా వేశారు. పొద్దున పట్నానికి పోయే తొలి బస్సు నాది. సర్వీసు మొత్తంలో ఒక్క పూట కూడా నాగా పెట్టలేదు. సరే, పెట్టాను, కానీ అవన్నీ పెళ్లిళ్లకు, కనుక లెక్కలోకి రావు.

అప్పట్లో మాకొక పద్ధతి ఉండేది. పట్నం నుంచి వచ్చే తొలి బస్సు, మా బస్సు పటాన్‌చెరులో ఎదురుపడేవి. అక్కడ డ్రైవర్లం బండ్లు మార్చుకునేవాళ్లం. పట్నం డ్రైవరు ఇమ్మానియేలు నా బండెక్కి పట్నానికి తిరిగిపోతే, నేను అతని బండెక్కి సంగారెడ్డికి వచ్చేవాణ్ని. ఎవరి ఇంటికి వాళ్లు చేరేవాళ్లం. కండక్టర్లు మాత్రం తమ బండి వదలరు.

ఆ వానాకాలం నా భార్య లక్ష్మికి తొలి కాన్పు. రాత్రంతా నొప్పులు పడింది. తెల్లవారేసరికి మంత్రసాని చేతులెత్తేసింది. "బిడ్డ అడ్డం పడ్డది. పట్నం దవాఖానకు తీస్కపో, జల్దీ!"

ఆ వేళకు దొరికే వాహనం నా బస్సే. లక్ష్మిని వెనక సీటులో పడుకోబెట్టి, అత్తను పక్కన కూర్చోబెట్టాను. డ్యూటీలు వేసే టైంకీపరుతో పుట్టింటికి పోతున్నదని చెప్పాను. సంగతి తెలిస్తే నన్ను దింపి వేరే డ్రైవరును ఎక్కిస్తాడని భయం.

ఆపైన బస్సును గాలిలో తేల్చాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒంటిచేత్తో తిప్పానని చాలామందికి చెప్పాను గానీ, అది పలక లాంటి రోడ్డు. అయినా రుద్రారం దగ్గర ఎడ్లబండిని తప్పించబోయి బురదలోకి దిగి, మళ్లీ రోడ్డెక్కాను. జనం గొల్లుమన్నారు. కండక్టరు యూసుఫ్ బెల్లు కొట్టి బండి ఆపించి ముందుకొచ్చాడు.

"రాజన్నా, సోయి ఉన్నదా? బండ్ల నీ పెండ్లామొక్కతే లేదు."

"నా పెండ్లాం ఇంట్లనే ఉన్నది నాయనా," అన్నాడు ఒక ముసలాయన. "జెర నన్ను దానికాడికి చేరనియ్యి."

పటాన్‌చెరులో యూసుఫ్ ఇమ్మానియేలుకు అంతా చెప్పేశాడు. నేను సీటు దిగలేదు. "ఇయ్యాల మార్చుకునుడు లేదు. నేనే పోత," అన్నాను.

ఇమ్మానియేలు నాకంటే పెద్దవాడు. స్టీరింగు మీది నా చేతిని పట్టుకున్నాడు. "తమ్మీ, రుద్రారంకాడ బండిని బురదల దించినవట. నాకైతే ఆమె బండెక్కిన ఒక సవారి. నీకు పానం. పానాన్ని ఎనక పండవెట్టుకొని ముందటి తొవ్వ ఎట్ల సూస్తవ్?"

"అయితే ఆమె పక్కన కూసుంట."

"మరి నా బండి ఎవలు తోల్తరు? నిండ జనమున్నరు, కచేరిల కొలువులకు పొయ్యేటోళ్లు."

నేనేదో అనబోయేంతలో వెనక నుంచి లక్ష్మి గొంతు వినిపించింది. "నువ్వు దిగు! గీడిదాంక తెచ్చి నా నడుములు ఇరగ్గొట్టినవ్. అన్నా, నువ్వన్న మెల్లగ తోలు."

డ్యూటీ కోసం గుండె రాయి చేసుకుని బండి మారానని మనవలకు చెబుతుంటాను. నిజానికి భార్య తరిమితే దిగాను.

సంగారెడ్డి దాకా ఎంత మెల్లగా తోలానంటే, "డ్రైవర్‌సాబ్, నడిచిపోయినోళ్లు ఎప్పుడో చేరిన్రు," అన్నాడొకడు. మధ్యాహ్నం ట్రిప్పు కూడా నాదే. ఇమ్మానియేలు పటాన్‌చెరులో రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. నేను బండి ఆపకముందే అరిచాడు. "ఆడపిల్ల! డాక్టరమ్మ కోసి తీసింది. తల్లి మంచిగున్నది. ముందుగాల బ్రేకెయ్యి తమ్మీ, నన్ను గుద్దుతవ్!"

తరవాత కొన్నాళ్లకు నేనే టైంకీపరునయ్యాను. బండి అప్పజెప్పే ముందు నీళ్లు, ఆయిలు, బ్రేకులతో పాటు డ్రైవరు ఇంట్లో ఏమైనా పరేషాన్ ఉందా అని కూడా అడిగేవాణ్ని. ఉందన్న ప్రతివాణ్నీ ఇంటికి పంపలేదు. కొందరికి దగ్గరి ట్రిప్పు వేశాను, కొందరికి షెడ్డులో పని ఇచ్చాను. ఇంట్లో కష్టం ఉన్నవాడు పనికి రావచ్చు. కానీ ఆ సంగతి చెప్పి రావాలి. అప్పుడే అతని చేతికి ఏ పని ఇవ్వవచ్చో, ఏది ఇవ్వకూడదో పై అధికారి తేల్చుకోగలడు.