పొలం ఒడ్డున ఇంటర్వ్యూ

మా మేడమ్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున హన్మకొండలో తన ఇంట్లోనే, చాయ్ తాగి కప్పు పక్కన పెట్టి, కుర్చీలోనే కన్ను మూశారట. ట్రస్టు పనులు చూసే సార్ ఫోన్ చేసి చెప్పారు. నిండు వయసు, మంచాన పడి ఎవరితోనూ చేయించుకోలేదు, మంచి చావు అని అందరూ అంటున్నారు. నిజమే. అయినా నాకు ఏడుపొచ్చింది. మంచి చావుకు ఏడవకూడదని ఎక్కడుంది?

ఆమె నాకు చుట్టం కాదు, పాఠం చెప్పిన పంతులమ్మా కాదు. ఒకప్పుడు కాలేజీలో బాటనీ లెక్చరర్. వ్యవసాయ శాఖలో పనిచేసిన భర్త పోయాక, ఆయన గుర్తుగా నలుగురు స్నేహితులతో కలిసి ఒక చిన్న ట్రస్టు పెట్టారు. వ్యవసాయ కోర్సుల్లో సీటు వచ్చిన పేదింటి పిల్లలకు ఫీజులు కట్టేవారు. ఆ ఫీజుతోనే చదువుకుని నేను ఇవాళ వ్యవసాయ విస్తరణ అధికారిగా ఉద్యోగం చేస్తున్నాను.

మేడమ్‌కు చెవులు వినపడవు. నడివయసులో జ్వరం వచ్చి పోయాయట. మిషన్ పెట్టుకుంటే మోత తెలుస్తుంది గాని మాట తెలియదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకునేవారు. కొత్తవాళ్ళు చాలాసేపు ఆ సంగతే కనిపెట్టలేకపోయేవారు. పెండ్లిళ్ళలో అవతలి వరుసలో కూర్చున్నవాళ్ళు తన చీర గురించి ఏమనుకున్నారో ఇంటికొచ్చి చెప్పి నవ్వేవారు. "చెవులున్నోళ్ళకు దగ్గరి మాటలే ఇనపడ్తయి. నాకు దూరపు ముచ్చట్లు గూడ తెలుస్తయి" అనేవారు.

అట్లాంటి మనిషి ఉన్న ఊళ్ళోకి కరోనా వచ్చి అందరి మూతులకూ మాస్కు కట్టింది. మనకు మొహం సగమే కనబడకుండా పోయింది, ఆమెకు మాటలన్నీ పోయాయి.

అప్పటిదాకా ఏటా పిల్లలను హన్మకొండకు పిలిచి, ముందు అన్నం పెట్టి, తర్వాత తన ముందుగదిలో కూర్చోబెట్టి మాట్లాడి ఎంపిక చేసేవారు. ఆ ఏడాది అది కుదరదు. ఫోన్లో మాట్లాడదామన్నారు ట్రస్టులోని మిగతావాళ్ళు. మేడమ్‌కు ఫోన్ ఉన్నా లేనట్టే. పోనీ వీడియో కాల్ అన్నారు. మా ఊళ్ళ సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, బొమ్మ బిగుసుకుపోయి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంటుంది. అయితే మార్కులు చూసి ఇచ్చేద్దాం, లేదంటే ఈ ఒక్క ఏడాదికి ఆపేద్దాం అన్నారు. మేడమ్‌కు కోపం వచ్చిందట. "ఆపుడేంది? పంటలు ఆగినయా, తినుడు ఆగిందా?" అన్నారట. తర్వాత దారి కూడా ఆమే వెతికారు. మాస్కు తీసి మాట్లాడాలంటే దూరం ఉండాలి, గాలి ఆడాలి. ఆ రెండూ పొలం దగ్గర ఉంటాయి. పిల్లలు రానక్కరలేదు, మనమే పోయి పొలం ఒడ్డున నిలబడదామన్నారు.

బడులు మూతపడి, పిల్లలను బడికి దించే ఆటో అన్న ఒకాయన ఖాళీగా ఉన్నాడు. ఆయనను మాట్లాడుకున్నారు. దారిలో ఏదైనా చెప్పాలంటే ఆయన ఆటో ఆపి, దిగి, అంత దూరం నడిచి, మాస్కు దించి, మాట చెప్పి, మాస్కు ఎక్కించుకుని మళ్ళీ వచ్చి కూర్చునేవాడట. చాయ్ తాగుదామా అని అడగడానికి కూడా ఇదే తంతు. అట్లాగే అటు పాలంపేట, ఏటూరునాగారం దాకా, ఇటు కేసముద్రం దాకా తిరిగారు.

మాది కేసముద్రం దగ్గర పల్లె. ఫలానా రోజు మీ పొలం దగ్గర ఉండమని నాకు కబురొచ్చింది. మాకు పొలం ఎక్కడిది? బాపు కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోసే హమాలి, కరోనాతో పనులు సగానికి పడ్డాయి. అమ్మ నాట్లకూ కలుపులకూ కూలికి పోతుంది. నాకు అగ్రికల్చర్ బీఎస్సీలో సీటైతే వచ్చింది గాని, ఈ ట్రస్టు ఫీజు కట్టకపోతే వదులుకోవాల్సిందే. పక్కింటోళ్ళ పొలం చూపిద్దామన్నాడు బాపు. అమ్మ ఒప్పుకోలేదు. లేనిది ఉన్నదని ఎందుకు చెప్పాలి, నేను నాటేసే దగ్గరికే రమ్మను అంది.

అవి చలికాలపు యాసంగి నాట్లు. మేడమ్ ఒడ్డు మీద నిలబడ్డారు, నేను మడిలో మోకాలి దాకా బురదలో. నా వెనుక అమ్మా, అమ్మతో నాటేసే ఆడవాళ్ళందరూ నడుములెత్తి చూస్తున్నారు. ఇంటర్వ్యూ ఒక్కరికే ఉంటుందని వాళ్ళకు ఎవరు చెప్పారు? మేడమ్‌కు వినపడదని తెలిసి, నా ప్రతి జవాబునూ తలా ఒకసారి గొంతు చించుకుని అందించడం మొదలుపెట్టారు. వినపడని మనిషికి ఒకరు అరిస్తే ఏంటి, పదిమంది అరిస్తే ఏంటి? మేడమ్ మాత్రం నా మూతినే చూస్తున్నారు.

ఇంట్లో ఎవరేం చేస్తారని అడిగారు. మా బాపు హమాలి అన్నాను. ఆమె మొహం చిట్లించారు.

"పాపం గీపం అనకు బిడ్డా. నాకు ఆ మాట పడది. ఎవ్వలేం పని చేస్తరో అది చెప్పు."

నాకేమీ అర్థం కాలేదు. మళ్ళీ బాపు అన్నాను, మళ్ళీ పాపం అనకు అన్నారు. పెదాల మీద బాపుకూ పాపానికీ పెద్ద తేడా ఉండదని నాకేం తెలుసు? వెనక నుంచి అందరూ బాపు, బాపు అని మొత్తుకుంటున్నారు. చివరికి నాకు వరుసకు వదినయ్యే ఒకామె చేతిలోని నారు పక్కన పెట్టి, లేని మీసం మెలేసి, వీపు మీద బస్తా ఉన్నట్టు వంగి బురదలో నడిచి చూపించింది. మేడమ్‌కు అప్పుడు వెలిగింది. ఒడ్డు మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు.

నవ్వు ఆగాక, భూమి ఎంత ఉందని అడిగారు. లేదన్నాను.

"భూమి లేదంటానవ్. మరి ఎవుసం చదువెందుకు?"

వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను గబగబా ఏదో చెప్పాను. ఒక్క ముక్కా ఆమెకు అందలేదు, తల అడ్డంగా ఊపారు. మళ్ళీ చెబితే ఇంకా గబగబా వచ్చింది. సీటు పోయినట్టే అనుకున్నాను.

అప్పుడు అమ్మ నా పక్కకు వచ్చింది. మూతికి చుట్టుకున్న కొంగు తీసేసి, నేను చెప్పిందే ఒక్కో మాటా విడదీసి, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పింది.

"నేను ఎప్పటిసందో మంది పొలాలల్ల నాటేస్తాన. ఆఫీసర్లు వస్తరు. ఒడ్డు మీద భూమి గల్ల పటేల్‌తోని మాట్లాడి పోతరు. మా దిక్కు సూడరు. నా బిడ్డ ఆఫీసరైతే మడిలకు దిగి మాతోని మాట్లాడ్తదట."

చివరి మాట దగ్గర అమ్మ పెదాలు వణికాయి. మేడమ్ అమ్మ వైపే చూస్తూ, "అందిందమ్మా" అన్నారు. మరేమీ అడగలేదు. వారం తిరగకముందే ఫీజు కట్టేశారు.

ఫీజుతో సరిపెట్టుకోలేదు. క్లాసులన్నీ ఫోన్లలోకి పోయాయి కాబట్టి, హాస్టల్ ఖర్చుకని పెట్టిన డబ్బును ఆ ఏడాది ఫోన్లు కొనడానికి మళ్ళించారు. సిగ్నల్ లేని అడవి పల్లెల పిల్లలకు సీనియర్ల చేత నోట్సు రాయించి, అదే ఆటోలో పంపారు. బడి పిల్లల సంచులు వేలాడిన కొక్కేలకు మా అగ్రికల్చర్ నోట్సులు వేలాడాయి.

చదువైపోయే రోజుల్లో ఒకసారి ఆమె ఇంటికి పోయాను. మాస్కులు పోయి చాలా కాలమైంది, ఇంటర్వ్యూలు మళ్ళీ ఇక్కడే పెడతారా అని అడిగాను. ఆమె ముందుగది వైపు చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపారు. తర్వాత చెప్పారు.

"ఈ అర్రల పిల్లలు తల వంచుకోని మాట్లాడేటోళ్ళు. పెద్దోళ్ళ ముంగట తలెత్తద్దని మనమే నేర్పుతం గద. నాకు పెదాలు కనపడకపోయేది. జవాబు తెల్వదనుకొని ఎందర్ని వాపస్ పంపిన్నో. పొలంల ఎవ్వలు తల వంచలే బిడ్డా."

అట్లా వాపస్ పోయినవాళ్ళలో గుర్తున్న ఇద్దరు ముగ్గురిని వెతికించారట. ఒకాయన ట్రాక్టర్ నడుపుకుంటున్నాడు. ఇప్పుడు నాకు చదువేంటి మేడమ్, నా బిడ్డ పెద్దదైతే దానికివ్వండి అని నవ్వాడట. ఆమె మాటిచ్చి వచ్చారు. ఇంటర్వ్యూలు మళ్ళీ ఆ ముందుగదిలోకి రాలేదు, ఇప్పటికీ పొలాల దగ్గరే జరుగుతున్నాయి.

మంగళవారం ఫోన్ వచ్చేసరికి నేను మా ఊళ్ళోనే ఉన్నాను. అమ్మ కలుపుకు పోయింది. వెతుక్కుంటూ పోయి చెప్పాను. అమ్మ చేతిలో పీకిన గడ్డి అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. మిగతా ఆడవాళ్ళు మడికి అవతలి చివర ఉన్నారు. ఆ ఇంటర్వ్యూ నాటి నుంచి వాళ్ళకు ఒక అలవాటైంది. పటేల్ ఒడ్డు మీద ఉంటే గొంతు తీయకుండా, పెదాలతోనే ముచ్చట్లు పెట్టుకుంటారు. ఆయన మీది పరాచికాలన్నీ ఆయన ముందే నడుస్తాయి, పాపం ఆయనకు తెలియదు. ఆ పూట పటేల్ లేడు. అయినా అమ్మ గొంతు తీయలేదు. కొంగు కిందికి లాగి, అటు తిరిగి, పెదాలతోనే చెప్పింది, మేడమ్ పోయిందని. అవతల ఒకామె చూసి నడుమెత్తింది, ఆమెను చూసి ఇంకొకామె. పొలంలో ఏ చప్పుడూ లేదు. అంతదూరం నుంచి వాళ్ళ పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. అమ్మ వాటిని చూస్తూ, అవును అవునంటూ తల ఊపుతోంది.