దొర మీద పిడికెడు మన్ను

మా సునంద వదినకు ఒక పిచ్చి ఉండేది. ‘గడీ కూలింది’ అనే ఆట ఎక్కడ ఆడుతున్నారని తెలిసినా అక్కడ వాలిపోయేది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులు లేవు, బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. పొద్దుగూకితే దీక్షా శిబిరాల దగ్గర పాటల ఆటలు. కథ ఒకటే, దొరా అతని కోటలాంటి గడీ కూలడం; పాటలు అవే. వేషాలు మాత్రం ఏ ఊళ్లో ఆ ఊరివాళ్లే కట్టేవారు. వదిన చిల్పూర్‌కు దర్శనానికని వెళ్లి ఆట చూసొచ్చింది. తమ్ముడి బండి మీద పుట్టిల్లు ఘనపూర్ పోయి అక్కడా చూసింది.

చూసొచ్చి ఊరుకుంటుందా? “చిల్పూర్ దొరకు మీసం ఉన్నది గని గొంతు లేదు. ఘనపూర్ దొర పాడుతుంటే గడీ ఎందుకు, మనమే కూలుతం” అని మమ్మల్ని నవ్వించి చంపేది.

ఆ ఆటకో రివాజు ఉంది. ఆఖరి పాటలో ఆడవాళ్లు లేచివెళ్లి దొర మీద పిడికెడు మన్ను పోస్తారు. దొర కూలిపోతాడు. ఏదో ఊళ్లో ఎవరి పిడికిట్లోనో రాయి ఉండి, పాపం, ఆ వేషగాడి నొసలు పగిలిందట.

బచ్చన్నపేట పక్కన మా ఊళ్లో ఆ వేషం కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి వదిన భర్త, మా వెంకట్రాం అన్న దగ్గరికి వచ్చారు. “అన్నా, మేమేస్తే నకలు, నువ్వేస్తే అసలు” అన్నారు. అసలే మరి! మా తాత నిజంగా దొర. మా అన్న సరేనని తలూపాడు. నాకు ఒళ్లు మండింది.

వదిన నవ్వు ఆ రోజుతో బంద్, తిండీ బంద్. “వేరే ఊర్లల్ల కొట్టేది వేషాన్ని. గీడ కొట్టేది నిన్ను. గట్టమ్మ పిడికిట్ల రాయి ఉంటె ఏం జేస్తవ్?”

గట్టమ్మ తండ్రి మా తాత దగ్గర వెట్టి చేసి, దెబ్బలు తిని, మంచాన పడి చనిపోయినవాడు. ఆమె మమ్మల్ని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. “దొరా” అని పక్కకు తప్పుకునేది, అంతే. ఆ తప్పుకోవడమే వదినకు భయం.

“ఉంటె ఉండనీ. ఆమెకు హక్కున్నది” అన్నాడు అన్న.

ఆట రోజు సమ్మె నిరసనగా రోడ్డు మీదనే వంటావార్పు. ఒక పక్క పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇంకో పక్క పాటలు. అన్ని ఊళ్లు తిరిగి చూసిన వదిన మా ఊళ్లో మాత్రం ఆట చూడలేదు, గట్టమ్మ చేతులే చూసింది. ఆఖరి పాట ఎత్తుకున్నారు. గట్టమ్మ లేచింది, వంగి పిడికిలి నింపుకుంది. వదిన గోళ్లు నా చేతిలో దిగాయి.

మన్నే! ఒట్టి మన్ను. అన్న ఛాతీ మీద పడింది.

“నీ గడీల మన్నువడ!” అని అరిచి గట్టమ్మ బోరున ఏడ్చింది. అన్న పడిపోవడం మరిచి, చేతులు జోడించి అట్లాగే నిలబడిపోయాడు.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని గద్దించింది. “ఏంది దొరా, నిలవడ్డవ్? పడాలె గదా! పడు!”

అన్న దబ్బున పడ్డాడు. జనం ఒకటే నవ్వు. వదిన కూడా కళ్లనీళ్లతో నవ్వింది.

తర్వాత అందరూ రోడ్డు మీదే అన్నాలకు బంతి కూర్చున్నారు. అన్న మన్ను దులుపుకుని వడ్డిద్దామని గంటె అందుకున్నాడు.

“వెంకట్రాం!”

పిలిచింది గట్టమ్మ. ఆమె నోట ఆ పేరు అంతకుముందు మేమెవరమూ వినలేదు.

“మా నాయిన మీ తాత ముంగట ఒక్కనాడు కూసోలే. నువ్వు నా పక్కన కూసో, బిడ్డా.”

“వస్తున్న అవ్వా” అని అన్న గంటె అక్కడే పెట్టి, విస్తరి పట్టుకుని వెళ్లి కూర్చున్నాడు. వదిన అతని పక్కన చతికిలబడింది. ఇన్నాళ్లూ మెతుకు సయించని మనిషి, మారు అన్నం అడిగి మరీ తిన్నది.